గోల్కొండకి వెళ్ళి గొడవ పెట్టుకుని వచ్చాం. ముసలివాళ్ళకీ, పిల్లలకీ కలిపి సరిపోయే చోటు ఏదైనా ఉందా?

మియాపూర్_అమ్మ
మొన్న ఆదివారం జరిగింది ఎవరికైనా చెప్పుకుంటే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు. సెలవులకి అత్తయ్యగారు ఒంగోలు నుంచి వచ్చారు. 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పే. పెద్దాడికి తొమ్మిదేళ్ళు, ఏం చూపించినా "బోర్" అంటాడు. చిన్నదానికి మూడున్నర. పది అడుగులు నడిచి చేతులు చాపుతుంది, ఎత్తుకోమని. మా వారికేమో బయటికి వెళ్ళడం అంటే గోల్కొండే, ఇంకో చోటు తోచదు.

టిఫిన్లు అయ్యి, పులిహోర కలిపి, ఇంట్లోంచి కదిలేసరికి పదిన్నర. కోటలో కాలు పెట్టేసరికి పన్నెండు. మే నెల. అత్తయ్యగారు ఓ అరవై మెట్లు ఎక్కి రాయి మీద కూలబడి "నన్నిక్కడ వదిలేసి మీరు వెళ్ళిరండి, నేను చూడని కోటా" అన్నారు. ఆవిడ ఒంగోలు దాటి వచ్చిందే నాలుగైదు సార్లు, ఏ కోట చూశారో నాకు తెలీదు. ఆవిడకి తోడుగా నేను ఆగిపోయా. ఆయన చిన్నదాన్ని భుజాన వేసుకుని, పెద్దాణ్ణి లాక్కుంటూ పైకి వెళ్ళి గంట తర్వాత దిగారు. దిగీ దిగగానే "నువ్వు కూడా వచ్చుంటే బాగుండేది" అన్నారు. అక్కడ మొదలైన గొడవ మెహదీపట్నం దాకా సాగింది. పులిహోర కారులోనే పాడైపోయింది.

సెలవులు ఇంకా మూడు వారాలున్నాయి. నీడ పట్టున తిరిగేది, మెట్లు తక్కువ ఉండేది, పిల్లలు ఓ గంటైనా ఫోన్ అడగకుండా ఉండేది ఏదైనా చెప్పండి. మాల్ మాత్రం వద్దు. వెళ్ళిన ప్రతిసారీ ఆటల కార్డుకి రెండు వేలు వదులుతున్నాయి.

టిఫిన్_బాక్స్
పులిహోర దగ్గరే ఆగిపోయా. మిగతాది చదవడానికి మనసు రాలేదు.

చార్మినార్_సందు
మే నెలలో పన్నెండింటికి గోల్కొండ ఎవరైనా పోతారా అక్కా! ఔరంగజేబు అంతటోడే ఎనిమిది నెలలు బయట కూర్చున్నాడు. మీరు ఒక్క పూటలో పైదాకా పోదామనుకున్నారు.

చౌమహల్లా పాలెస్ చూసిరండి. చార్మినార్ నుంచి నడిచిపోయే దూరమే. దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి, చిన్నపిల్లలు తల పైకెత్తి అట్లనే చూస్తారు. పెద్దాడికి కార్ల పిచ్చి ఉంటే ఇంకా మంచిది, 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. తోట, నీళ్ళ కొలను, కూర్చోనీకి చోటు. అత్తమ్మకి కోట ఎక్కే బాధ లేదు. శుక్రవారం మాత్రం బంద్.

ఇద్దరు_పిల్లల_తండ్రి
నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. పిల్లల ఓపిక యాభై నిమిషాలు. దానికి మించి ఏది చూపించినా దండగ.

ఇది నేను సాలార్‌జంగ్ మ్యూజియంలో నేర్చుకున్నా. టికెట్ కొన్నాం కదా, అన్ని గదులూ చూడాల్సిందే అని పట్టుబట్టా. పింగాణీ అయింది, ఏనుగు దంతాలు అయ్యాయి, కత్తులు అయ్యాయి. మూడో గంటలో మా పాప ఒక గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని "నాన్నా, నన్ను కూడా ఈ అద్దాల పెట్టెలో పెట్టెయ్" అంది. పక్కన సెక్యూరిటీ ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు మూడే చూశాం. ముసుగు రెబెక్కా అనే పాలరాతి విగ్రహం, ముందు నుంచి దెయ్యం, వెనక నుంచి అమ్మాయిగా కనిపించే చెక్క బొమ్మ, గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం. గంటలో బయటపడ్డాం. ఇప్పటికీ మా పాపకి ఆ మూడూ గుర్తున్నాయి. మొదటిసారి చూసినవాటిలో నేల చల్లగా ఉందన్నది తప్ప ఏదీ గుర్తులేదు.

మియాపూర్_అమ్మ
దెయ్యం బొమ్మా? మా చిన్నది జడుసుకోదు కదా?

ఇద్దరు_పిల్లల_తండ్రి
జడుసుకోదండీ. టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి, పొగరుగా నిలబడి ఉంటాడు. వెనకాల అద్దం పెట్టారు, అందులో తల వంచుకున్న అమ్మాయి కనబడుతుంది. రెండూ ఒకే దుంగలో చెక్కారు. మా వాడు అద్దంలోకీ బొమ్మ వైపుకీ పదిసార్లు తిరిగాడు, మోసం ఎక్కడుందో పట్టుకుందామని.

రిటైర్డ్_లెక్చరర్
పిల్లలకి యాభై నిమిషాలు చాలన్న మాట ఒప్పుకోను. విసుగు పుట్టేది చరిత్ర వల్ల కాదు, చెప్పేవాడి వల్ల. ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పాను, ఎక్కడ నిద్రపోతారో నాకు తెలుసు. తేదీలు చెబితే నిద్రపోతారు. కథ చెబితే లేచి కూర్చుంటారు.

గోల్కొండే తీసుకోండి. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి ఫిరంగులు కాదు, లోపలి మనిషి తలుపు తీశాడు. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని లంచానికి అమ్ముడుపోయాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే ఇంకొకడు ఒంటి నిండా గాయాలతో చివరిదాకా పోరాడాడు. ఈ ఇద్దరి కథ చెప్పి ఫతే దర్వాజా ముందు నిలబెట్టండి. ఏ తొమ్మిదేళ్ళవాడు బోర్ అంటాడో చూస్తాను.

పైగా భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్నని బంధించిన చెర అక్కడే ఉంది. గోడ మీద రాముడు, హనుమంతుడి బొమ్మలు చెక్కి ఉంటాయి. ఆయన్ని చెరలో పెట్టిన తానీషాయే కోట పడిపోయాక దౌలతాబాద్‌లో ఖైదీగా బతికాడు. ఇంతకంటే పెద్ద మలుపు ఏ సీరియల్లో ఉంది?

ఇంకో సవరణ. సాలార్‌జంగ్ మ్యూజియం అంటే ఒక్క మనిషి సేకరణ అని అందరూ అంటారు. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్‌దే. కానీ ముసుగు రెబెక్కా మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నది. తాత కొన్నదీ మనవడు కొన్నదీ కలిసే ఉన్నాయక్కడ.

టిఫిన్_బాక్స్
మాస్టారూ, మే నెలలో ఫతే దర్వాజా ముందు నిలబెడితే ఆ తొమ్మిదేళ్ళవాడే తలుపు తీసి కోట అప్పగిస్తాడు. లంచం ఒక పుల్ల ఐస్.

రిటైర్డ్_లెక్చరర్
ఉదయం తొమ్మిదికి వెళ్ళమన్నాను, మధ్యాహ్నం కాదు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
మీరు చెప్పింది మళ్ళీ చదివా మాస్టారూ. తొమ్మిది అన్న మాట ఎక్కడా లేదు.

రిటైర్డ్_లెక్చరర్
ఇప్పుడు అన్నాను.

విశాఖ_వాసు
లోపల తిరిగే చోటు అన్నారు కాబట్టి మా కురుసుర గురించి చెప్పకుండా ఉండలేను. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్న జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవు. ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగడమే, దారి తప్పే పని లేదు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపుల్లోంచి దూరాలి. ముందు కాలు, తర్వాత నడుం, చివర్న తల. మా నాన్న ముందు తల పెట్టారు. టంగుమని మోగింది.

సుమారు 75 మంది అందులోనే తినడం, అందులోనే నిద్ర. పడకలు చూసి మా వాడు "మన రైలు బెర్తే నయం" అన్నాడు. సోమవారం సెలవు. ఎదురుగానే టీయూ-142 విమానం మ్యూజియం కూడా ఉంది, ఒకే పూటలో రెండూ అయిపోతాయి.

కోడలు_నంబర్_టూ
వాసు గారూ, మోకాళ్ళ నొప్పులావిడని గుండ్రటి తలుపులోంచి దూర్చమంటున్నారా? ఉన్న ఒక్క గొడవ చాలదా ఆవిడకి?

విశాఖ_వాసు
పెద్దావిడ బయట బీచ్‌లో కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటారు. మా అమ్మ అదే చేసింది. మా అందరికంటే ఆవిడే సంతోషంగా ఉంది ఆ రోజు.

నంద్యాల_నాగు
బెలూం గుహలు ఎవరూ అనలేదేం? 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా నడవొచ్చు. అడుగున పాతాళగంగ దగ్గర సుమారు 150 అడుగుల లోతులో ఉంటాం. మా ఇంటికి చుట్టాలు వస్తే నా డ్యూటీ ఇదే, ఇప్పటికి పదిహేనుసార్లు దిగుంటా.

ఒక్క మాట ముందే చెబుతున్నా. నేల కింద కదా, ఏసీలా ఉంటుందనుకుని వస్తారు. ఉక్క! పది నిమిషాల్లో చొక్కా పిండుకోవచ్చు. మా బావగారు పెళ్ళికొడుకులా సిల్కు చొక్కాతో దిగారు, బనీనుతో బయటికొచ్చారు. నూలు బట్టలు, నీళ్ళ సీసా, కాళ్ళకి జారని చెప్పులు.

విశాఖ_వాసు
గుహలంటే బొర్రా గుహలు బ్రో. లోపలికి వెళ్ళగానే మూడు నాలుగంతస్తుల ఎత్తున కప్పు. మీ బెలూంలో వంగి వంగి నడవాలి. పైగా రైల్లో వెళ్తే దారిపొడుగునా సొరంగాలే, పిల్లలు ప్రతి సొరంగంలోనూ అరుస్తారు. బయటికి రాగానే బొంగులో చికెన్.

నంద్యాల_నాగు
ఎత్తు చూసి ఏం చేసుకుంటాం, మేం నడవడానికి వెళ్తాం. బొంగులో చికెన్ తినడానికి గుహ దాకా ఎందుకు?

విశాఖ_వాసు
బొంగులో చికెన్ గురించి ఇంకొక్క మాట అంటే బాగుండదు.

మియాపూర్_అమ్మ
నేను అడిగింది మియాపూర్ నుంచి పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేది అండీ :( మీరిద్దరూ నన్ను ఆంధ్రా ఆ కొసకీ ఈ కొసకీ పంపేస్తున్నారు.

అడ్మిన్_మామ
గుహల పోటీకి వేరే చర్చ తెరుచుకోండి. ఇక్కడ హైదరాబాద్, చుట్టుపక్కల.

బెజవాడ_బుల్లోడు
అడ్మిన్ గారూ ఒక్కటి చెప్పి వెళ్ళిపోతా. అత్తయ్యగారిని ఒంగోలులో దింపడానికి కారులో వెళ్తే, విజయవాడ మీదుగా పోనివ్వండి. ఉండవల్లిలో కొండనే నాలుగంతస్తులుగా తొలిచారు, అందులో అనంతపద్మనాభస్వామి పడుకున్న విగ్రహం ఉంది. మా చెల్లి కూతురు "అమ్మా, ఈయనా మధ్యాహ్నం నిద్రపోతాడా" అని అడిగింది. ఊళ్ళో బాపు మ్యూజియం కూడా చూడొచ్చు. 1921లో పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది అక్కడే. లోపలే కాబట్టి నీడ. నా మాట అయిపోయింది, వెళ్తున్నా.

లండన్_లక్ష్మి
ఉండవల్లి పేరు వినగానే రాయాలనిపించింది, హైదరాబాద్ కాకపోయినా క్షమించండి. పోయినేడాది అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చారు. రోజూ వాన. బయట తిరగడం కుదరక బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్ళాం, టికెట్ లేదు కదా. నాన్నది గుంటూరు. అక్కడ అమరావతి స్తూపం రాళ్ళకి ప్రత్యేకంగా ఒక గది ఉంది, గాజు గోడ వెనకాల. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డారు. పిల్లలు ఈజిప్టు మమ్మీల దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చినా అక్కడే ఉన్నారు. బయటికొచ్చాక ఒక్కటే అన్నారు, "అరగంట దూరంలో ఉండి కూడా నేను అమరావతిలో దీన్ని సరిగ్గా చూడలేదు, విమానం ఎక్కి వచ్చి చూశాను". ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

రిటైర్డ్_లెక్చరర్
వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి ఆ రాళ్ళని 1845లో తవ్వించి మద్రాసు పంపించాడు. వాటిలో కొన్ని 1859లో లండన్‌కి ఓడ ఎక్కాయి. మిగిలినవి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. మీ నాన్నగారి కోపం నాకు అర్థమైందమ్మా.

టిఫిన్_బాక్స్
మమ్మీ అంటే గుర్తొచ్చింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో మనకీ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. మా వాడు ఇంటికొచ్చి "మమ్మీ, నీకంటే పాత మమ్మీని చూశా" అన్నాడు. ఆ రాత్రి మాకు భోజనం లేదు.

చార్మినార్_సందు
ఈ జోకు నాంపల్లిలో ఆ మమ్మీ దిగినప్పటి నుంచి నడుస్తున్నది అన్నా.

కోడలు_నంబర్_టూ
నిజంగా మమ్మీ ఉందా? ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నా!

రిటైర్డ్_లెక్చరర్
ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చాడు. ఏడో నిజాం దాన్ని 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. వయసు సుమారు రెండున్నర వేల ఏళ్ళు. గాలి తగిలి పాడవకుండా మూసిన పెట్టెలో భద్రపరిచారు.

ఇద్దరు_పిల్లల_తండ్రి
డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లలైతే బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడి డైనోసార్ సినిమాల్లో చూపించే అమెరికా సరుకు కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. పేరే కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. తల నుంచి తోక చివరి దాకా 44 అడుగులు. మా పాప బడిలో "మా డైనోసార్‌ది తెలంగాణ" అని చెప్పి టీచర్‌తో వాదన పెట్టుకుంది. టీచర్ నమ్మలేదు. ఫోటో పట్టుకెళ్ళి చూపించి వచ్చింది. పక్కనే ప్లానెటేరియం, తెలుగులో కూడా షో ఉంటుంది. అత్తయ్యగారికి చీకట్లో వెనక్కి వాలే కుర్చీ దొరికితే అంతకంటే ఏం కావాలి.

మియాపూర్_అమ్మ
ఇది నచ్చింది. మా పెద్దాడు డైనోసార్ల పేర్లు ఇరవై చెబుతాడు, తాతమ్మ పేరు అడిగితే తెలీదంటాడు.

కోడలు_నంబర్_టూ
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. అసలు అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా, ఎక్కడికి వెళ్ళాలని ఉందో?

ఎందుకంటున్నానంటే మా ఇంట్లోనూ ఇదే. మా అత్తయ్యగారి కోసం అని గుళ్ళకి తిప్పేవాళ్ళం, మూడేళ్ళపాటు. ఒకరోజు మా తోడికోడలు ఊరికే అడిగితే "నాకు ఆ మంచు ఆటల చోటు చూడాలని ఉంది" అన్నారు. 71 ఏళ్ళు! లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్‌కి తీసుకెళ్ళాం. వాళ్ళిచ్చిన కోటు, బూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మంచు ఉండ చేసి మా మామయ్యగారి మీద వేశారు. యాభై ఏళ్ళ లెక్క ఒక్క దెబ్బలో తేల్చుకున్నట్టుంది.

టిఫిన్_బాక్స్
మామయ్యగారి వైపు కథ కూడా వినాలి.

కోడలు_నంబర్_టూ
ఆయనకి వారం జలుబు. అంతే ఆయన కథ.

మియాపూర్_అమ్మ
అడగలేదు. నిజం చెప్పాలంటే తట్టనే లేదు. రేపు పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు అడుగుతా.

చార్మినార్_సందు
ఈ లోపల ఇంకొకటి. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం. ఆరో నిజాం బట్టల బీరువా ఉందక్కడ. బీరువా అంటే మన ఇంట్లది కాదు, రెండంతస్తుల చెక్క గది, రెండు పక్కలా వరుసగా అరలు, నడుస్తనే ఉండాలి. ఆయన వేసిన బట్టలు మళ్ళీ వేసేటోడు కాదని చెబుతారు. మా ఇంటామె అది చూసినప్పటి నుంచి, నేను చీరల గురించి మాటంటే "నిజాం బీరువా యాదికి తెచ్చుకో" అంటది.

2018లో దొంగలు పడ్డది కూడా ఆ మ్యూజియంలనే. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్స్ ఎత్తుకపోయిండ్రు. పోలీసులు వారంలో పట్టుకున్నరు. దొంగల్లో ఒకడు రోజూ అందులోనే అన్నం తిన్నాడంట!

టిఫిన్_బాక్స్
నా పేరు ఊరికే వాడుతున్నారు, నేను ఆ టైముకి ఊళ్ళో లేను.

రిటైర్డ్_లెక్చరర్
నవ్వులాట సరే. ఒక విషయం మాత్రం తల్లిదండ్రులు పిల్లలకి ముందే చెప్పాలి. గోల్కొండ గోడల మీద మేకులతో పేర్లు గీకుతున్నారు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే చట్టప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1958 చట్టానికి 2010లో సవరణ తెచ్చి శిక్ష పెంచారు.

చార్మినార్_సందు
కరెక్ట్ సార్. పైకి పోయే దారిలో ఒక గోడ మీద "రాజు లవ్ స్వప్న" అని ఉంటది. దాని కింద వేరే చేతిరాత, "రాజు, స్వప్నకి పెళ్ళయింది, గోడ మాత్రం మాది". తప్పే, కానీ నవ్వొచ్చింది.

రిటైర్డ్_లెక్చరర్
రెండోవాడికీ అదే శిక్ష.

ఇద్దరు_పిల్లల_తండ్రి
గైడ్ల సంగతి కూడా తేల్చండి. ఒక కోటలో మాకు దొరికిన గైడ్ అరగంటకి డబ్బులు మాట్లాడుకుని పావుగంటలో ముగించాడు, అందులో సగం టిప్పు గురించే. ఇంకోచోట దొరికాయన మా పిల్లల్ని గుమ్మటం కింద నిలబెట్టి చప్పట్లు కొట్టించి, తన మనిషిని పైన ఉంచి అక్కడి నుంచి కేక వేయించాడు. మా వాడు ఇప్పటికీ ప్రతి గుమ్మటం కిందా చప్పట్లు కొడతాడు, ఫంక్షన్ హాల్లో కూడా. ఆ గైడే గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్నాడు. నిజమా మాస్టారూ?

రిటైర్డ్_లెక్చరర్
సొరంగం కథ మా చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చినవాణ్ణి నేను చూడలేదు. చప్పట్లు మాత్రం నిజం. ముఖద్వారం గుమ్మటం కింద కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్ళకి కబురు అందాలని అలా కట్టారు.

టిఫిన్_బాక్స్
సొరంగం ఉండుంటే మెట్రో వాళ్ళకి సగం ఖర్చు మిగిలేది.

మియాపూర్_అమ్మ
అడిగాను!

కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "సాలార్‌జంగ్‌లో గడియారం ఇంకా పనిచేస్తుందా?" అన్నారు. నేను, మా వారు మొహమొహాలు చూసుకున్నాం. స్కూల్లో ఉండగా ఎక్స్‌కర్షన్‌కి వచ్చారట. గంట కొట్టే బొమ్మ బయటికి రావడానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా, వాళ్ళ టీచర్ "బస్సు వెళ్ళిపోతుంది పదండి" అని అందర్నీ తోలుకెళ్ళారట. రాత్రంతా బస్సులో ఆడపిల్లలందరూ ఆ టీచర్‌ని తిట్టుకున్నారట. ఇన్నేళ్ళలో ఈ మాట కొడుక్కి కూడా చెప్పలేదు. అడిగితే "మీరెప్పుడూ గోల్కొండే అంటారు కదా" అన్నారు.

కోడలు_నంబర్_టూ
నేను చెప్పానా!

చార్మినార్_సందు
శుక్రవారం పోకండి అక్కా, అదీ బంద్. పదకొండున్నరకల్లా గడియారం ముందు కూర్చోండి. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి జనం అప్పుడే ఎక్కువ. అత్తమ్మకి ముందు వరుస దొరకాలి.

ఇద్దరు_పిల్లల_తండ్రి
చక్రాల కుర్చీ ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మా నాన్నకి అడిగితే ఇచ్చారు. పిల్లలకి బయటే ఏదైనా తినిపించి లోపలికి తీసుకెళ్ళండి, ఆకలేసిన పిల్లాడికి రెబెక్కా అయినా ఒకటే, రోటీ అయినా ఒకటే. గడియారం అవగానే బయటికొచ్చేయండి. అన్ని గదులూ అని మా లాగా పట్టుబట్టకండి.

రిటైర్డ్_లెక్చరర్
వెళ్ళినవాళ్ళు ఆయుధాల గది అయినా చూడాలి.

ఇద్దరు_పిల్లల_తండ్రి
మాస్టారూ!

మియాపూర్_అమ్మ
వెళ్ళొచ్చాం. నిన్న, బుధవారం. రాస్తానని మాటిచ్చా కాబట్టి రాస్తున్నా.

పొద్దున్నే ఇడ్లీలు తిని తొమ్మిదింటికి బయల్దేరాం, పదిన్నరకి లోపలున్నాం. అడగ్గానే చక్రాల కుర్చీ ఇచ్చారు. "నాకెందుకు, నడవలేనా" అని ముందు కోప్పడి, తర్వాత కూర్చున్నారు. ఇక ఆ కుర్చీ తోసే హక్కు కోసం పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. బోర్ అనే మాట వాడి నోట్లోంచి రాలేదంటే కారణం గ్యాలరీలు కాదు, ఆ కుర్చీ.

ముసుగు రెబెక్కా దగ్గర చిన్నది "ఆంటీకి చున్నీ తీసెయ్యి" అని గోల. రాయి అమ్మా, చున్నీ కూడా రాయే అని ఎంత చెప్పినా నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు, ఆ పల్చటి ముసుగు కిందనుంచి ముక్కు, పెదవులు అంత బాగా తెలుస్తున్నాయి.

పదకొండున్నరకే గడియారం ముందు చేరాం. ముందు వరుస దొరికింది. గడియారంలో ఒక పక్క చిన్న కమ్మరివాడు సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. పెద్దాడు వాడితో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టి మూడు వందల దాకా వెళ్ళాడు. వాడి లెక్క తప్పిందని పక్కన కూర్చున్న కరీంనగర్ తాతగారు సరిచేశారు. పన్నెండు దగ్గర పడేసరికి వెనకాల రెండు వందల మంది ఉంటారు, అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి. అత్తయ్యగారు మాత్రం కొంగు సర్దుకుని, ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు నిటారుగా కూర్చున్నారు.

తలుపు తెరుచుకుంది. గడ్డం ఉన్న బొమ్మ బయటికొచ్చింది. టంగ్, టంగ్ అని పన్నెండు కొట్టి లోపలికి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు. నేను అత్తయ్యగారి మొహం చూస్తున్నా.

"ఇంత చిన్నవాడా!" అన్నారు. "మనిషంత ఉంటాడనుకున్నానే ఇన్నాళ్ళూ."

మా వారు పడీ పడీ నవ్వారు. ఆవిడా నవ్వారు. తర్వాత ఓ నిమిషం ఆగి, "ఒంటిగంటకి మళ్ళీ వస్తాడా?" అని అడిగారు.

ఒంటిగంట దాకా ఉన్నాం. ఒక్కటే కొట్టాడు.

టిఫిన్_బాక్స్
ఒక్క దెబ్బ కోసం గంట కూర్చున్నారా! ఈ సారి పులిహోర ఏమైంది?

మియాపూర్_అమ్మ
పులిహోర తేలేదు. బయటికొచ్చి బిర్యానీ తిన్నాం. అత్తయ్యగారికి వెజ్. ఆవిడ ఇంటికి రాగానే వాళ్ళ స్నేహితురాలికి ఫోన్ చేసి "ఒసే సుబ్బులూ, వాడు జానెడు కూడా లేడే" అని అరగంట చెప్పారు.

రిటైర్డ్_లెక్చరర్
ఆయుధాల గది చూశారా?

మియాపూర్_అమ్మ
లేదు మాస్టారూ. వచ్చేవారం డైనోసార్‌కి వెళ్తున్నాం. మా వారు మాత్రం డిసెంబర్లో, పొద్దున తొమ్మిదింటికే గోల్కొండ అంటున్నారు.

చార్మినార్_సందు
తొమ్మిదంటే తొమ్మిదే అక్కా. పదిన్నర కాదు.

కావలి_కుర్రాడు
మొత్తం చదవలేదు, సారీ. నాకు శుక్రవారం ఒక్కరోజే సెలవు. సాలార్‌జంగ్ తెరిచి ఉంటుందా?

అడ్మిన్_మామ
పైకి వెళ్ళి చదువు బాబూ.